నాన్నగారి టేపులు విప్పే ముందు

ప్రశ్న: అయ్యా, మా నాన్నగారు అనంతపురంలో చాలా ఏళ్లపాటు భూగర్భ జలాల సర్వే చేశారు. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు గ్రామాల్లో రైతులకు బోరు పాయింట్లు చూపించడానికి ఆయన తీసిన రెసిస్టివిటీ (నేల విద్యుత్ నిరోధం) కొలతలు, పటాలు, నివేదికలు అన్నీ సోలారిస్ అనే యూనిక్స్ వ్యవస్థ నడిచే సన్ స్పార్క్ కంప్యూటరులో ఉండేవి. ఆ యంత్రం ఇప్పుడు లేవడం లేదు. బీరువాలో 38 డీడీఎస్ టేపులు, అంటే డేటా దాచే చిన్న క్యాసెట్లు ఉన్నాయి. కొన్నింటిపై ‘టార్’ అని, కొన్నింటిపై ‘సీపీఐఓ’ అని, మూడింటిపై ‘యూఎఫ్ఎస్ డంప్’ అని నాన్నగారి దస్తూరీలో ఉంది; ఫైళ్లను ఒక ఆర్కైవుగా, అంటే ఒకే కట్టగా టేపు మీద రాసే ప్రోగ్రాముల పేర్లు అవి. మిగిలినవాటిపై తేదీ మాత్రమే ఉంది. నేను లినక్స్ వాడతాను, కడపలో ఉన్న మా తమ్ముడు ఫ్రీబీఎస్‌డీ అనే మరో యూనిక్స్ తరహా వ్యవస్థ వాడతాడు. పాత టేపు డ్రైవును నా లినక్స్ యంత్రానికి తగిలించి ఒక టేపును టార్‌తో చదవబోతే ‘మెమరీ కేటాయించడం సాధ్యం కాలేదు’ అనే అర్థంలో సందేశం వచ్చింది. నా యంత్రంలో మెమరీకి కొదవ లేదు. ఇంకొక టేపు పెడితే ‘ఇది టార్ ఆర్కైవులా లేదు’ అన్నది. ఇవి పాడైపోయినట్టేనా? వీటిని మళ్లీ ఎలా భద్రపరిస్తే మా ఇద్దరి యంత్రాల్లోనూ చదువుకోగలం?

– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: అమ్మా, మీకు వచ్చిన రెండు సందేశాల్లో ఏ ఒక్కటీ టేపు పాడైందని చెప్పడం లేదు. నిజంగా అరిగిపోయిన, బూజు పట్టిన టేపు పెడితే వచ్చేది ఇన్‌పుట్ అవుట్‌పుట్ దోషం అనే సందేశం. మీకు అది రాలేదు కాబట్టి ముందు స్థిమితపడండి. అయితే ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ టేపుల్లో దేన్నీ మళ్లీ డ్రైవులో పెట్టవద్దని నా మనవి. ఎందుకు అంటున్నానో కింద చెబుతాను.

మెమరీ సందేశం సంగతి ముందు చూద్దాం. డిస్కు మీద ఫైల్ సిస్టమ్ ఉంటుంది, అందులో ఏ ఫైలు ఎక్కడ ఉందో ఆ డిస్కే చెబుతుంది. టేపుకు అటువంటి జ్ఞానం లేదు. టేపు మీద ఉండేవి వరుసగా బ్లాకులు, మధ్యమధ్య ‘ఇక్కడికి ఒక భాగం అయిపోయింది’ అని తెలిపే ఫైల్‌మార్కులు, అంతే. ఒక్కో బ్లాకు ఎంత పొడవుండాలో రాసినవారు నిర్ణయిస్తారు. చదివేవారు ఆ పొడవుకు తగ్గకుండా పాత్ర పట్టాలి. 1979లో ఏడవ వెర్షన్ యూనిక్స్‌తో వచ్చిన టార్ 512 బైట్ల ముక్కలను గరిష్ఠంగా 20 చొప్పున కలిపి 10,240 బైట్ల బ్లాకుగా రాయగలిగేది. ఈనాడు లినక్స్‌లో ఉండే గ్నూ టార్ ఏమీ చెప్పకపోతే ఆ 20 ముక్కల లెక్కనే పాటిస్తుంది. మీ నాన్నగారు టేపు వేగంగా నడవాలని 126 ముక్కల చొప్పున, అంటే 64,512 బైట్ల బ్లాకులుగా రాసి ఉంటారని నా ఊహ. సోలారిస్ వాడినవారిలో ఆ సంఖ్య బాగా వాడుకలో ఉండేది. మీ టార్ 10,240 బైట్లు మాత్రమే అడిగింది, టేపు మీద బ్లాకు అంతకంటే పెద్దది. అప్పుడు లినక్స్ టేపు డ్రైవర్ తిరిగి ఇచ్చే దోష సంఖ్యకు వ్యవస్థలో ఉన్న పేరు మెమరీ చాలలేదని. బిందె నీళ్లు చెంబులో పట్టవని చెప్పాల్సిన చోట బావి ఎండిపోయిందని చెప్పినట్టుంది ఆ సందేశం. ఎంతమంది దాన్ని చూసి మంచి టేపులను పారవేశారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

రెండవ సందేశానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ ఉండవచ్చు. ఆ టేపు సీపీఐఓ లేదా డంప్ పద్ధతిలో రాసినదై ఉండవచ్చు. లేదా టేపు మొదట్లో లేకుండా నడుమ ఎక్కడో నిలిచి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో టేపునే పదే పదే నడిపించి తెలుసుకోవాలని చూడటం పొరపాటు. ఇరవై ఏళ్లు దాటిన టేపు ఇంకా ఎన్నిసార్లు చదవనిస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే నా సలహా మొత్తానికి మూలం ఒక్కటే: ఏ టేపునూ నేరుగా విప్పవద్దు. మొదట దాని మీద ఉన్నది ఉన్నట్టు మక్కీకి మక్కీ డిస్కులోకి నకలు తీయండి, ఆ నకలు మీద మీ ప్రయోగాలన్నీ చేయండి. నకలును వందసార్లు చదివినా అరగదు.

నకలు తీసే ముందు రెండు పనులు ఉన్నాయి. టేపు అంచున ఉన్న చిన్న పలకను జరిపి రాయడానికి వీలులేని స్థితిలో పెట్టండి. డీడీఎస్ టేపుల్లో ఆ పలక కింది రంధ్రం తెరుచుకుని ఉంటే రక్షణ ఉన్నట్టు. తర్వాత శుభ్రపరిచే క్యాసెట్‌ను డ్రైవులో ఒకసారి నడపండి. మన రాయలసీమ దుమ్ములో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న డ్రైవు తల ఎంత మురికిగా ఉంటుందో చెప్పనక్కరలేదు. మురికి తల మంచి టేపును కూడా గీస్తుంది.

ఇక డ్రైవు పేరు విషయంలో జాగ్రత్త కావాలి. లినక్స్‌లో ఒకే డ్రైవుకు ఎస్‌టీ0, ఎన్ఎస్‌టీ0 అని రెండు పేర్లు ఉంటాయి. మొదటి పేరుతో పని చేస్తే పని ముగిసిన వెంటనే టేపు మొదటికి చుట్టుకుంటుంది, రెండవ పేరుతో చేస్తే ఆగిన చోటే ఆగుతుంది. ఫ్రీబీఎస్‌డీలో ఎస్ఏ0, ఎన్ఎస్ఏ0. సోలారిస్‌లో ఆర్ఎంటీ డైరెక్టరీలో 0, 0ఎన్. మీ నాన్నగారు ఒకే టేపు మీద ఒకదాని వెనుక ఒకటిగా అనేక ఆర్కైవులు రాసి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మీరు ఎప్పుడూ చుట్టుకోని పేరునే వాడాలి. ఈ తేడా నేను తెలుసుకున్న తీరు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. కర్నూలులో ఒక కార్యాలయంలో పని చేస్తున్న రోజుల్లో, శనివారం రాసిన బ్యాకప్ వెనుకనే సోమవారం బ్యాకప్ రాస్తున్నానని అనుకుని చుట్టుకునే పేరు వాడాను. సోమవారంది శనివారం దాని మీదే కూర్చుంది. కొత్త రాత చిన్నదే, దాని వెనుక పాత డేటా టేపు మీద భౌతికంగా అలాగే ఉంది. కానీ డీడీఎస్ డ్రైవు కొత్త రాత ముగిసిన చోట డేటా ముగింపు గుర్తు వేస్తుంది, ఆ గుర్తు దాటి ముందుకు వెళ్లదు. కళ్లెదుట ఉన్న టేపులో ఉన్న డేటాను చదవలేకపోవడం ఎలా ఉంటుందో ఆ వారమంతా అనుభవించాను. మీ టేపులకు రాత రక్షణ పెట్టమని మొదటే చెప్పింది అందుకే.

ఇప్పుడు నకలు. ముందు టేపును ముందుకు వెనక్కు నడిపే ఎంటీ కమాండుతో దాన్ని మొదటికి చుట్టి, అదే కమాండుతో బ్లాకు పరిమాణాన్ని 0గా పెట్టండి. సున్నా అంటే ఇక్కడ ‘బ్లాకు ఎంత ఉంటే అంత’ అని అర్థం. ఆ తర్వాత బైట్లను ఉన్నవి ఉన్నట్టు నకలు తీసే డీడీ కమాండుకు ఇన్‌పుట్‌గా ఎన్ఎస్‌టీ0ను, అవుట్‌పుట్‌గా డిస్కు మీద ఒక కొత్త ఫైలును, బీఎస్ (ఒక్కో చదువుకు పట్టే పాత్ర పరిమాణం) విలువగా 256 కిలోబైట్లను ఇవ్వండి. పాత్ర పెద్దది కావడం వల్ల చిన్న బ్లాకులకు ఇబ్బంది లేదు. డీడీ ఒక్కో చదువుకు ఒక్కో బ్లాకు తీసుకుని వచ్చినంత మేరకే రాస్తుంది. ఫైల్‌మార్కు వచ్చినప్పుడు డీడీ ఆగి, సున్నా పూర్తి రికార్డులు, ఇన్ని అసంపూర్ణ రికార్డులు అని లెక్క చెబుతుంది. అసంపూర్ణ అన్న మాటకు కంగారుపడకండి, 256 కిలోబైట్ల కంటే చిన్నవని మాత్రమే దాని భావం. వచ్చిన ఫైలు పరిమాణాన్ని ఆ రికార్డుల సంఖ్యతో భాగిస్తే మీ నాన్నగారు వాడిన బ్లాకు పొడవు తేలుతుంది; దాన్ని కాగితం మీద రాసుకోండి. అదే డీడీని మళ్లీ నడిపితే రెండవ భాగం మరో ఫైలులోకి వస్తుంది. వరుసగా ఖాళీ ఫైళ్లు వచ్చేదాకా, లేక టేపు ముగిసిందని డ్రైవు చెప్పేదాకా అలా సాగండి. ఒకటి మాత్రం చేయకండి. దోషాలను దాటవేయాలని కొందరు డీడీకి సింక్ అనే మార్పిడిని జోడించమంటారు. అది ప్రతి చిన్న బ్లాకునూ సున్నాలతో 256 కిలోబైట్లకు నింపుతుంది, అప్పుడు ఆర్కైవు మొత్తం నడుమ నడుమ ఖాళీలతో పనికిరాకుండా పోతుంది.

చదువు నడుమలో వదిలివేసి, తర్వాత కొనసాగించాల్సి వస్తే ‘టేపు ఎక్కడుందో నాకు తెలుసు’ అనుకోవద్దు. ఆర్కైవును టార్‌తో చదివి మూసిన తర్వాత టేపు ఫైల్‌మార్కుకు ఇవతల నిలుస్తుందా, అవతల నిలుస్తుందా అన్నదానిలో యూనిక్స్ రెండు శాఖలైన బీఎస్‌డీ సంప్రదాయానికీ సిస్టమ్ ఫైవ్ సంప్రదాయానికీ తేడా ఉంది. సోలారిస్ ఈ రెండింటికీ వేర్వేరు డ్రైవు పేర్లు కూడా ఇచ్చింది. ప్రతిసారీ మొదటికి చుట్టి, ఎంటీతో ఇన్ని ఫైల్‌మార్కులు ముందుకు అని లెక్కపెట్టి వెళ్లడమే అన్ని వ్యవస్థల్లోనూ ఒకేలా పనిచేసే పద్ధతి.

నకళ్లు డిస్కులోకి వచ్చాక అసలు ఏవి ఏమిటో గుర్తించడం తేలిక. ముందు ఫైల్ అనే కమాండును నకలు మీద నడపండి, చాలావరకు అదే పేరు చెప్పేస్తుంది. కొత్త పద్ధతి టార్ అయితే 257వ బైటు దగ్గర యూస్టార్ అన్న అక్షరాలు ఉంటాయి. మరీ పాత టార్‌లో అవి ఉండవు కానీ మొదట్లోనే ఫైలు పేరు, ఆ వెనుక అంకెలు అక్షరాల రూపంలోనే కనిపిస్తాయి. సీపీఐఓ అక్షర రూపంలో రాసి ఉంటే 070707 లేదా 070701 అన్న అంకెలతో మొదలవుతుంది. ద్విసంఖ్యా రూపంలో రాసి ఉంటే ఆ 070707 అష్టమాన సంఖ్య (0 నుంచి 7 వరకు అంకెలే వాడేది) రెండే బైట్లలో ఇమిడి ఉంటుంది. ఇక్కడే చాలామంది తడబడతారు. స్పార్క్ ప్రాసెసర్ ఒక సంఖ్యలోని పెద్ద విలువ గల బైటును ముందు రాస్తుంది, మీ పీసీ ప్రాసెసర్ చిన్న బైటును ముందు రాస్తుంది, కాబట్టి స్పార్క్‌లో రాసిన టేపును పీసీలో చదవాలంటే బైట్లన్నీ జంటలు జంటలుగా తారుమారు చేయాలని ఎవరో ఒకరు మీకు తప్పక చెబుతారు. అది సరికాదు. టేపు మీద బైట్లు వరుసగానే ఉంటాయి. టార్ శీర్షికల్లో, అంటే ప్రతి ఫైలు ముందు దాని పేరు, పరిమాణం వంటివి రాసే భాగాల్లో, సంఖ్యలు అక్షరాలుగా రాసి ఉంటాయి కాబట్టి ప్రాసెసర్‌తో వాటికి పని లేదు. ద్విసంఖ్యా సీపీఐఓ శీర్షికలకు మాత్రమే తేడా ఉంటుంది, దాన్ని గ్నూ సీపీఐఓ తానే గుర్తించి, శీర్షిక తిరగబడి ఉందని హెచ్చరించి, సరిచేసుకుని చదువుతుంది. ఆ హెచ్చరిక చూసి బెదిరి బైట్లు మార్చే ఐచ్ఛికాలు వాడితే ఫైళ్ల లోపలి డేటా కూడా తిరగబడుతుంది; కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. మీ తమ్ముడి ఫ్రీబీఎస్‌డీలో ఉన్న టార్ ఇంకా సులువు, అది టార్‌నూ సీపీఐఓనూ చెప్పకుండానే గుర్తించి విప్పుతుంది.

‘యూఎఫ్ఎస్ డంప్’ అని రాసిన మూడు టేపులు వేరే జాతి. టార్, సీపీఐఓ ఫైళ్లను పేర్లతో తీసుకుంటాయి, డంప్ ఒక ఫైల్ సిస్టమ్‌ను ఐనోడ్ల (ఒక్కో ఫైలుకు ఫైల్ సిస్టమ్ లోపల ఉండే నమోదు) లెక్కన తీసుకుంటుంది, అందువల్లనే ఒక్కో యూనిక్స్‌కు ఒక్కో డంప్ ఏర్పడింది. అయినా నిరాశపడనక్కరలేదు, లినక్స్‌లోని రెస్టోర్ కమాండు సోలారిస్ డంపులను చాలావరకు చదువుతుంది. నకలు ఫైలును దానికి ఇచ్చి సంభాషణ రీతిలో నడిపితే డైరెక్టరీలు చూసుకుంటూ కావలసినవి ఎంచుకోవచ్చు. సంపుటి సంఖ్య అడిగినప్పుడు 1 అని చెప్పండి. చివర్లో ప్రస్తుత డైరెక్టరీ యాజమాన్యం మార్చాలా అని అడిగితే వద్దని చెప్పండి. డంపులకు 0 నుంచి 9 వరకు స్థాయిలు ఉంటాయి. 0 అంటే సంపూర్ణం, పై అంకెలు అంతకు ముందటి తక్కువ స్థాయి డంపు తర్వాత మారినవి మాత్రమే. మూడు టేపుల్లో ఏది 0 స్థాయిదో ముందు తేల్చుకుని, దానితో మొదలుపెట్టి తేదీల వరుసలో పోవాలి.

ఏ ఆర్కైవునైనా విప్పేటప్పుడు ఒక ఖాళీ డైరెక్టరీలో, రూట్‌గా (సర్వాధికారాలున్న ఖాతాలో) కాకుండా సాధారణ వినియోగదారుగా విప్పండి. సోలారిస్ టార్ ఏటవాలు గీతతో మొదలయ్యే పూర్తి దారులను అలాగే రాసేది. గ్నూ టార్ ఆ గీతను తీసివేసి మీ డైరెక్టరీ కిందే పరుస్తుంది కానీ, అన్ని వ్యవస్థల టార్‌లూ అంత మర్యాదగా ఉండవు. పాత యంత్రపు పాస్‌వర్డ్ ఫైలు వచ్చి కొత్త యంత్రపు పాస్‌వర్డ్ ఫైలు మీద కూర్చున్న ఉదంతాలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. రూట్ కాకపోవడం వల్ల ఇంకొక మేలు ఉంది: పాత యంత్రంలో నాన్నగారి వినియోగదారు సంఖ్య మీ యంత్రంలో వేరెవరిదో అయి ఉండవచ్చు, రూట్ కాకుండా విప్పిన ఫైళ్లు మీ పేరు మీదే ఉంటాయి.

విప్పిన తర్వాత కొన్ని ఫైళ్లు తెరిస్తే అర్థం కాని గుర్తులు కనిపించవచ్చు. అది టేపు తప్పు కాదని గుర్తుంచుకోండి. తెలుగు నివేదికలు ఆ రోజుల్లో యూనికోడ్‌లో కాక ఏదో ఒక ఫాంటుకు తగిన సంకేతాల్లోనో, ఇస్కీ అనే భారతీయ లిపుల ప్రమాణంలోనో టైపు చేసి ఉంటారు. బైట్లు సరిగానే వచ్చాయి, వాటిని మార్చే పని వేరు. అలాగే కొలతల ఫైళ్లలో దశాంశ సంఖ్యలు స్పార్క్ పద్ధతిలో పెద్ద బైటు ముందుగా ఉంటాయి. వాటిని చదివే ప్రోగ్రాములో నాలుగేసి లేదా ఎనిమిదేసి బైట్ల చొప్పున తిప్పుకోవాలి తప్ప, ఫైలు మొత్తాన్ని డీడీతో రెండేసి బైట్ల చొప్పున తిప్పితే మరింత గందరగోళమవుతుంది.

డ్రైవు గురించి రెండు మాటలు. టేపు మీద ముద్రించిన పొడవును బట్టి దాని తరం తెలుస్తుంది: 60, 90 మీటర్లు డీడీఎస్-1, 120 మీటర్లు డీడీఎస్-2, 125 మీటర్లు డీడీఎస్-3, 150 మీటర్లు డీడీఎస్-4. మీ పాత డ్రైవు డీడీఎస్-3 అయితే మొదటి మూడు తరాలనూ చదువుతుంది. అది మొరాయించి వాడిన డ్రైవు కొనాల్సి వస్తే, డీడీఎస్-4 తర్వాతి తరమైన డ్యాట్ 72 డ్రైవు డీడీఎస్-3, డీడీఎస్-4 టేపులను చదువుతుంది కానీ అంతకంటే పాతవాటిని చదవదని గుర్తుంచుకుని కొనండి. కొత్త డ్రైవు దొరికినా పాతదాన్ని పారవేయకండి. ఈ జాతి డ్రైవుల్లో తల ఏటవాలుగా తిరుగుతూ రాస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని అమరిక కొద్దిగా జరిగి ఉంటే, ఆ డ్రైవు రాసిన టేపును ఆ డ్రైవే చదవగలదు, సవ్యంగా ఉన్న డ్రైవు చదవలేదు.

ఇక కొత్తగా భద్రపరచడం. మీ 38 టేపులూ డీడీఎస్-3 అనుకున్నా కంప్రెషన్ లేకుండా 12 జీబీ చొప్పున 456 జీబీ, కంప్రెషన్ వాడి ఉంటే విప్పాక ఇంకొంత. నిజం చెప్పాలంటే ఇంతమాత్రానికి కొత్త టేపు డ్రైవు కొనడం ఖర్చుతో కూడిన పని. రెండు డిస్కుల మీద రెండు నకళ్లు ఉంచి ఏడాదికొకసారి సరిచూసుకున్నా చాలు. టేపే కావాలనుకుంటే, ఎల్‌టీఓ అనే టేపు జాతిలో ఐదవ తరమైన ఎల్‌టీఓ-5 టేపు ఒక్కటి 1.5 టీబీ పడుతుంది. ఎల్‌టీఓ డ్రైవులు ఏడవ తరం దాకా తమకంటే రెండు తరాల కిందటి టేపులను చదివేవి. ఎనిమిది, తొమ్మిది తరాలు ఒక్క తరం కిందటి టేపులనే చదువుతాయి. కాబట్టి ఏ తరం ఎంచుకున్నా, ఆ డ్రైవు మార్కెట్టులో ఉండగానే తర్వాతి దానికి మార్చుకోవాల్సి ఉంటుంది.

రాసేటప్పుడు గ్నూ టార్‌కు పోజిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో రాయమని చెప్పండి. 2001 నాటి పోజిక్స్ ప్రమాణంలోని పాక్స్ పద్ధతి అది. దానికి ముందటి యూస్టార్‌లో ఒక్కో ఫైలు 8 జీబీ లోపు, దారి పొడవు 256 అక్షరాల లోపు ఉండాలి. పాక్స్‌కు ఆ పరిమితులు లేవు, దాన్ని ఎరగని పాత టార్ కూడా అదనపు శీర్షికలను మామూలు చిన్న ఫైళ్లుగా విప్పి ముందుకు సాగుతుంది. గ్నూ సొంత పద్ధతిలో రాస్తే పొడవైన పేర్లున్న చోట పాత సోలారిస్ టార్ లాంగ్‌లింక్ అనే వింత ఫైలును సృష్టించి, అసలు పేర్లను మధ్యలో తెంచుతుంది. బ్లాకును 128 ముక్కలుగా, అంటే 64 కిలోబైట్లుగా పెట్టండి. మీ తమ్ముడి యంత్రంతో పాటు పాత వ్యవస్థలకు కూడా అది పెద్దదనిపించదు. ఆర్కైవు మొత్తాన్ని జీజిప్‌తో కుదించి టేపు మీద పెట్టకండి. నడుమ ఒక్కచోట చెడితే ఆ వెనుకదంతా పోతుంది. కుదించని టార్‌లో అయితే చెడిన చోటు దాటి మిగిలినవి తీయవచ్చు.

సరిచూడటానికి, ఫైలులోని బైట్ల నుంచి ఒక సరిచూపు సంఖ్య లెక్కగట్టే సీకేసమ్ కమాండు వాడండి. సమ్ అనే పాత కమాండు బీఎస్‌డీలో ఒక లెక్క, సిస్టమ్ ఫైవ్‌లో మరో లెక్క చెబుతుంది. సీకేసమ్ లెక్కను పోజిక్స్ నిర్దేశించింది కాబట్టి లినక్స్, సోలారిస్, ఫ్రీబీఎస్‌డీ ఎక్కడైనా ఒకే సంఖ్య రావాలి. ప్రతి ఫైలుకూ ఆ సంఖ్య తీసి, ఆ పట్టికను ఆర్కైవులో ఒక నకలు, కాగితం మీద ఒక నకలు ఉంచండి. అదే కాగితం మీద ఏ వ్యవస్థలో, ఏ కమాండుతో, ఏ బ్లాకు పొడవుతో, ఎన్ని ఫైల్‌మార్కులతో రాశారో కూడా రాసి టేపు పెట్టెలో పెట్టండి. మీ నాన్నగారు ఈ నాలుగు సంగతులు రాసి ఉంటే మీరు నాకు ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు, అయినా ‘టార్’ అని రాసినందుకే ఆయనకు రుణపడి ఉండాలి. ఆ మాత్రం కూడా రాయనివారు ఎక్కువ.

రెండు నకళ్లూ ఒకే ఊళ్లో ఉంచకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పట్టణంలోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్న కాగితాలు, యంత్రాలు ఏమయ్యాయో చూసినవాడిని. ఒకటి మీ దగ్గర, ఒకటి కడపలో తమ్ముడి దగ్గర ఉండనివ్వండి. పంపేటప్పుడు మే నెలలో బస్సు డిక్కీలో వేయకండి. ఎల్‌టీఓ టేపులను దీర్ఘకాలం 16 నుంచి 25 డిగ్రీల వేడిలో, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచాలని తయారీదారులు చెబుతారు. చలువ గదిలోంచి తీసిన టేపును లేక ఎండనపడి వచ్చిన టేపును వెంటనే డ్రైవులో పెట్టకుండా ఒక రోజు డ్రైవు ఉన్న గదిలోనే ఉంచాలి.

తమ్ముడు తన నకలును ఫ్రీబీఎస్‌డీలో పూర్తిగా విప్పి, సీకేసమ్ పట్టిక తీసి మీకు పంపాలి. మీ పట్టికతో అది అక్షరం పొల్లుపోకుండా సరిపోతేనే బ్యాకప్ ఉన్నట్టు లెక్క. సరిపోయినా పాత 38 టేపులను మాత్రం అప్పుడే పారవేయకండి. బీరువాలో అవి ఆక్రమించే చోటు ఒక అర కంటే ఎక్కువ ఉండదు.